కంటికందని గంతు

తడిసిన నేలపై క్రుళ్ళుచున్న ఆకులను మెల్లగా తొలగించి చూచినచో, ఆవగింజకంటె పెద్దవి కాని ప్రాణులు కొన్ని కానవచ్చును. ముట్టబోవునంతలో అవి మాయమగును. వీనిని స్ప్రింగ్‌టెయిళ్ళందురు. వీనికి ఆఱు కాళ్ళు కలవు, ఱెక్కలు లేవు. నోటి భాగములు తలలోపల దాగియుండుటచే, నేటి శాస్త్రజ్ఞులు వీనిని కీటకములనుండి వేఱుపఱచుచున్నారు.

వీనిలో గుండ్రని దేహము గల తెగ యొకటి కలదు. యూరపునందును ఉత్తర అమెరికాయందును కనబడు డైసిర్టోమినా మైన్యూటా ఆ తెగలోనిది. సాలీళ్ళు, చీమలు మున్నగునవి దీనికి శత్రువులు. పొడుచుటకు కొండి లేదు. పాఱిపోవుటకు ఱెక్క లేదు. మఱి ప్రాణరక్షణ మెట్లు? దీని పొట్టక్రింద రెండు కొనలు గల తోకవంటి అవయవము మడిగి, కొక్కెముతో బిగింపబడియుండును. అపాయము తోచగనే కొక్కెము వీడును. తోక నేలను తన్నును. ప్రాణి గాలిలోనికి లేచును.

ఈ తెగవి గంతులు వేయునని చిరకాలముగా తెలిసినదే. కాని మానవుని కన్ను ఆ వేగము నందుకొనజాలదు. 2024లో అమెరికా శాస్త్రజ్ఞులగు ఏడ్రియన్ స్మిత్, జేకబ్ హారిసన్ అనువారు, సెకనునకు 40,000 చిత్రములు తీయు కెమేరాతో ఈ గంతును సమగ్రముగా కొలిచి ప్రకటించిరి. సెకనులో వేయవవంతు కాలములో అది నేలను విడుచుచున్నది. సెకనునకు 368 చుట్లవఱకు చేరు వేగముతో వెనుకకు పల్టీలు కొట్టుచున్నది. తన యెత్తునకు 60 రెట్లకు మించి లేచుచున్నది. అయిదడుగుల బాలుడు ఆ లెక్కను ఎగిరినచో 300 అడుగులు దాటవలెను! అది ముందునకు మాత్రము దుముకదు. దిగునప్పుడు ఒక్కొక్కసారి దొర్లిపోవును. ఒక్కొక్కసారి పొట్టనుండి జిగురుగల గొట్టమును చాచి నేలను పట్టుకొని నిలుచును.

ఇంత చిన్న ప్రాణివలన ప్రయోజన మేమని కొంద ఱడుగవచ్చును. స్ప్రింగ్‌టెయిళ్ళు బూజును, క్రుళ్ళిన ఆకులను తిని, రాలినది మరల మట్టిలో కలియుటకు తోడ్పడుచున్నవి. ఆ సారముతోనే మొక్కలు పెరుగును. ఎండుటాకులను ప్రోగుచేసి తగులబెట్టినచో, వీని యిల్లును ఆహారమును ఒక్కసారిగా భస్మమగును.

స్మిత్ ఈ ప్రాణులకై ఘోరారణ్యములకు పోలేదు. తన యింటి పెరటిలో రాలిన ఆకులను జల్లించి పట్టెను. విజ్ఞానమునకు దూరదేశయాత్రయే మార్గము కాదు. కాలిక్రింది నేలను ఓర్పుతో పరికించువానికి అది అక్కడనే లభించును.