పాఠం 14 – పొట్టి కాళ్ల పెద్దమనిషి: ఇంటి కుక్క నుంచి హాస్య రచన

14.1 ఉపోద్ఘాతం

మీ ఇంట్లోనో పక్కింట్లోనో కుక్క ఉండే ఉంటుంది. అది చేసిన ఏదో ఒక పని చెప్పుకొని ఇంటిల్లిపాదీ నవ్వుకున్న సందర్భాలూ ఉంటాయి. అయితే ఆ సంగతినే కాగితం మీద పెడితే ఒక్కోసారి నవ్వు రాదు. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ పాఠం పని. ఇందుకోసం డాక్స్‌హండ్ అనే కుక్కనూ, దాన్ని తన రచనల్లో పాత్రగా మలచిన ఒక రచయితనూ ఉదాహరణగా తీసుకుందాం.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ఎగతాళికీ హాస్యానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.
• జంతువును పాత్రగా చిత్రించే పద్ధతిని వివరించగలుగుతారు.
• ఇంట్లో జరిగిన చిన్న సంఘటనను హాస్య కథనంగా రాయగలుగుతారు.

14.3 డాక్స్‌హండ్ – ఆకారం, స్వభావం

డాక్స్‌హండ్ జర్మనీకి చెందిన జాతి. జర్మన్ భాషలో 'డాక్స్' అంటే బ్యాడ్జర్, 'హుండ్' అంటే కుక్క. బ్యాడ్జర్ నేలలో బొరియ తవ్వుకొని ఉండే, బలమైన గోళ్లు గల జంతువు. బొరియలోకి దూరి దాన్ని ఎదుర్కోవడానికి వేటగాళ్లు ఈ కుక్కను పెంచారు. ఇరుకు దారిలో దూరడానికి పొట్టి కాళ్లు కావాలి. నేల కింద నుంచి అరిచినా పైవారికి వినబడే పెద్ద గొంతు కావాలి. యజమాని కనబడని చోట సొంతంగా నిర్ణయం తీసుకునే మొండితనమూ కావాలి.

ఇప్పుడు ఆ కుక్కను మన ఇంటి వసారాలో ఊహించండి. బొరియ లేదు, బ్యాడ్జర్ లేదు. గొంతూ మొండితనమూ మాత్రం అలాగే ఉన్నాయి. గడప దాటడానికి అవస్థ పడే ఈ జీవి, గేటు దగ్గరికి వచ్చిన పోస్టుమాన్‌ను మాత్రం కోట కాపలాదారులా నిలదీస్తుంది. ఆకారానికీ ఆత్మవిశ్వాసానికీ మధ్య ఉన్న ఈ దూరమే ఇక్కడ హాస్యానికి మూలం.

14.4 రచయిత ఇంట్లో ఫ్రెడ్

ఇ.బి. వైట్ (1899–1985) అమెరికా రచయిత. 'ది న్యూయార్కర్' పత్రికలో ఎన్నో ఏళ్లు రాశారు. మెయిన్ రాష్ట్రంలో ఆయనకు ఒక పొలం ఉండేది. ఆ ఇంటి డాక్స్‌హండ్ పేరు ఫ్రెడ్. వైట్ వ్యాసాల్లో ఫ్రెడ్ చెప్పిన మాట వినే కుక్క కాదు. ఆజ్ఞ ఇచ్చేది యజమాని, గెలిచేది ఫ్రెడ్.

1948లో వైట్ 'డెత్ ఆఫ్ ఎ పిగ్' అనే వ్యాసం ప్రచురించారు. ఆయన పెంచుతున్న పందికి జబ్బు చేసింది. ఆయన దానికి ఆముదం పట్టించారు, ఇంకా తెలిసిన వైద్యమంతా చేశారు. ఆ హడావిడి అంతటిలోనూ ఫ్రెడ్ హాజరు. యజమాని దిగులు దానికి పట్టదు. జరుగుతున్నదంతా దానికి గొప్ప వేడుక. చివరకు పంది చనిపోయింది. దాన్ని పాతిపెట్టే చోటికి ఫ్రెడ్‌నూ లాక్కుని వెళ్లవలసి వచ్చింది. పంది కంటే ఎంతో తేలికైనా, ప్రాణం ఉన్నది కాబట్టి ఫ్రెడ్‌ను లాగడమే ఎక్కువ కష్టమైందని వైట్ గమనించారు.

ఈ సంగతి చదివితే మొదట నవ్వు వస్తుంది. మరుక్షణం ఆ నవ్వు ఆగిపోతుంది. బ్రతుకుకూ చావుకూ ఉన్న తేడా అంతా ఆ తాడు బిగువులో తెలుస్తుంది. రచయిత 'నాకు దుఃఖం కలిగింది' అని పేజీలు నింపలేదు. కుక్క చేసిన పనిని ఉన్నదున్నట్లు చెప్పారు.

1956లో రాసిన 'బెడ్‌ఫెలోస్' అనే వ్యాసంలో వైట్ జబ్బుపడి మంచంలో ఉంటారు. అప్పటికి ఫ్రెడ్ చనిపోయి కొన్నేళ్లయింది. అయినా దాని జ్ఞాపకం వచ్చి పక్కలో చేరుతుంది. అంటే ఆయన రాసింది నవ్వించే జంతువు గురించి మాత్రమే కాదు. ఇంట్లో ఒకరిగా మసలిన, ఇప్పుడు లేని జీవి గురించి.

పాఠగత ప్రశ్నలు 14.1
1. డాక్స్‌హండ్‌కు పొట్టి కాళ్లు ఏ పనికి ఉపయోగపడేవి?
2. ఫ్రెడ్‌ను లాగడం ఎందుకు కష్టమైంది?

14.5 ఎగతాళి – హాస్యం

మన సామెతల్లో కుక్కకు దక్కిన మర్యాద తక్కువే. 'కుక్క తోక వంకర', 'కుక్క కాటుకు చెప్పుదెబ్బ', 'కుక్క తోక పట్టుకొని గోదారి ఈదినట్లు' – వీటిలో కుక్క మనిషి తప్పును చూపించడానికి పనికివచ్చే వస్తువు మాత్రమే. హాస్య కథనంలో అది పాత్ర కావాలి. ఈ రెండు నమూనాలు చూడండి.

(అ) "మా కుక్క చాలా పొడుగు. కాళ్లు చాలా పొట్టి. నడుస్తుంటే చూసి అందరం పడీపడీ నవ్వుతాం."

(ఆ) "తాతయ్య పడక కుర్చీలోంచి లేవగానే మా కుక్క అక్కడికి వచ్చి నిలబడుతుంది. కుర్చీ ఎక్కలేదు. ఎక్కించమని అడగడానికి అభిమానం అడ్డు. అందుకని కుర్చీ తనదే అయినట్లు, ప్రస్తుతానికి కూర్చోవాలనిపించనట్లు, పక్కనే కాపలా కాస్తుంది. తాతయ్య తిరిగి వచ్చి, 'కూర్చోమంటావా?' అని దాన్నే అడుగుతారు."

మొదటి దానిలో రచయిత నవ్వుతున్నాడు, పాఠకుడు నవ్వడు. రెండవ దానిలో ఎవరూ నవ్వలేదు, పాఠకుడు నవ్వుతాడు. కుక్కకు ఒక కోరిక ఉంది, ఒక అడ్డంకి ఉంది, కాపాడుకోవలసిన పరువూ ఉంది. తాతయ్య ఆ పరువును నిలబెట్టారు. అందువల్ల ఆయన స్వభావమూ మనకు తెలిసింది.

14.6 ఒక హెచ్చరిక

మనల్ని నవ్వించే ఆ పొడుగాటి నడుమే డాక్స్‌హండ్‌కు బాధ కూడా తెస్తుంది. ఈ జాతికి వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఒక్కోసారి వెనుక కాళ్లు పడిపోవచ్చు. కాబట్టి నవ్వు కోసం దాన్ని మంచం మీద నుంచి దూకించకండి. కథ కోసం సంఘటనను సృష్టించనక్కరలేదు. ఓపికగా గమనిస్తే చాలు.

14.7 సారాంశం

• హాస్యానికి ఆకారం ఒక్కటే చాలదు, స్వభావం కావాలి.
• జంతువు చేసిన పనిని కచ్చితంగా చెప్పాలి. 'నవ్వొచ్చింది' అని చెప్పవలసిన అవసరం లేదు.
• మంచి హాస్యం వెనుక ప్రేమ ఉంటుంది. అందుకే అది ఒక్కోసారి దుఃఖాన్నీ మోయగలుగుతుంది.

14.8 అభ్యాసం

1. నమూనా (అ)ను మీ మాటల్లో హాస్య కథనంగా మార్చండి.
2. మీకు తెలిసిన జంతువును ఒక రోజు గమనించండి. అది ఏం కోరింది, ఏది అడ్డు వచ్చింది, ఏం చేసింది – వరుసగా రాసుకోండి. వాటి ఆధారంగా 15 వాక్యాల్లో కథనం రాయండి. 'నవ్వు' అనే మాట ఎక్కడా వాడకండి. రాసినది ఇంట్లోవారికి చదివి వినిపించండి. వారు ఎక్కడ నవ్వారో, ఎక్కడ మౌనంగా ఉన్నారో గుర్తు పెట్టుకోండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు
1. బ్యాడ్జర్ ఉండే ఇరుకైన బొరియలో దూరడానికి.
2. ఫ్రెడ్ ప్రాణంతో ఉంది కాబట్టి.