కూలిన స్టేషను – మిగిలిన రాతి గ్రద్దలు

ఒక మహాసౌధం నేలమట్టమైన పిమ్మట దాని స్మృతి ఎక్కడ నిలుస్తుంది? న్యూయార్కు నగరంలోని పెన్సిల్వేనియా రైల్వే స్టేషను చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

1910లో ప్రారంభమైన ఈ స్టేషనును మెకిమ్, మీడ్ అండ్ వైట్ అను వాస్తుశిల్ప సంస్థ రూపొందించింది. ప్రాచీన రోములోని కారకల్లా స్నానశాలలను ఆదర్శంగా గైకొని దాని విశాలమైన నిరీక్షణ మందిరాన్ని నిర్మించారు. కట్టడం పైభాగాన 22 రాతి గ్రద్దలు కొలువుదీరి ఉండేవి. పెద్దవాటిలో ఒక్కొక్కదాని బరువు దాదాపు రెండున్నర టన్నులు. గ్రద్ద అమెరికా రాజముద్రలోని పక్షి. కనుక నగర ద్వారం వంటి ఆ స్టేషనుకు అది తగిన అలంకారమే.

వీటికి రూపకల్పన చేసిన శిల్పి ఎడాల్ఫ్ వైన్‌మన్. జర్మనీలో జన్మించి, బాల్యంలోనే అమెరికా చేరి, న్యూయార్కులోని కూపర్ యూనియన్ విద్యాసంస్థలో శిల్పవిద్య నేర్చాడు. 1916లో వెలువడిన అమెరికా అర్ధ డాలరు నాణెంపై ఉన్న గ్రద్ద కూడ అతని సృష్టియే.

కాలక్రమాన మోటారు కార్లు, విమానాలు పెరిగి రైల్వే సంస్థకు నష్టాలు వచ్చాయి. స్థలం విలువ ముందు కళ విలువ తేలిపోయింది. 1962లో వాస్తుశిల్పులు వీధిలో నిలిచి నిరసన తెలిపినా ఫలితం లేకపోయింది. 1963 అక్టోబరు 28న కూల్చివేత మొదలైంది. తొలినాడే గ్రద్దలను క్రేనుతో కిందికి దించారు. స్తంభాలు, శిల్పాలు అనేకం న్యూజెర్సీ చిత్తడి నేలల పాలయ్యాయి.

అయినా కొన్ని గ్రద్దలు బ్రతికి బయటపడ్డాయి. నాలుగింటిని ఫిలడెల్ఫియాలోని మార్కెట్ వీధి వంతెనపై నిలిపారు. రెండింటిని పాత స్టేషను స్థలం ముంగిటనే ఉంచారు. ఒకటి శిల్పి చదివిన కూపర్ యూనియన్‌కే చేరింది. గురుకులానికి శిష్యుని కానుక వలె!

ఈ నష్టం వృథా కాలేదు. 1965లో న్యూయార్కు నగరం చారిత్రక కట్టడాల రక్షణకు శాసనం చేసింది. అదే నగరంలోని గ్రాండ్ సెంట్రల్ స్టేషనుపై ఎత్తైన భవనం లేపదలచినప్పుడు ఆ శాసనమే అడ్డు నిలిచింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శాసనాన్ని సమర్థించింది. ఒక స్టేషను కూలి మరొక స్టేషనును కాపాడిందన్నమాట.

విద్యార్థి మిత్రులారా! విడిపడిన శిల్పం అందంగానే ఉంటుంది. కాని అది అలంకరించిన గోడను తిరిగి తేలేదు. కట్టడం నిలిచి ఉండగానే దానిని చూడడం, దాని చరిత్ర తెలిసికొనడం, అవసరమైనపుడు దాని పక్షాన మాట్లాడడం చదువుకున్నవారి ధర్మం. కూలిన తరువాత చేసే విచారం శిల్పాలను ఏరుకోవడానికే పనికివస్తుంది.