లవణం, సమరం, నౌ

మన ఇళ్లలో పిల్లలకి పేరు పెట్టాలంటే ముందు పంచాంగం తీస్తారు. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్విని అయితే చూ, చే, చో, లా. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే, పేరులో మొదటి అక్షరం ఒక టైమ్‌స్టాంప్.

మా గన్నవరంలో బస్సెక్కి బెంజ్ సర్కిల్ దగ్గర దిగితే, పటమటలో నాస్తిక కేంద్రం ఉంటుంది. దాన్ని స్థాపించిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు గారు, పంచాంగం పక్కన పెట్టి దేశంలో ఏం జరుగుతోందో చూశారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. 1939లో, రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో పుట్టిన కొడుకు సమరం. మనందరికీ తెలిసిన డాక్టర్ సమరం గారే. తొమ్మిదో సంతానం పేరు నౌ. హిందీలో తొమ్మిది అన్నమాట.

ఇవి కూడా టైమ్‌స్టాంపులే. కాకపోతే చాలా పేర్లు వినగానే మనం మతమో కులమో పట్టేస్తాం. లవణం అంటే ఏం పట్టుకోగలం? గోరా పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో. లవణం గారు 1960లో దళిత మహాకవి గుర్రం జాషువా కూతురు హేమలత గారిని పెళ్లి చేసుకున్నారు. పేరులో లేని కులం పెళ్లికీ అడ్డు రాలేదు.

మరి మీ పేరు వెనక ఏముంది? ఈసారి ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మనో నాన్నమ్మనో అడిగి, మన క్లబ్‌కి రాసి పంపండి.