పూల లోయకు వెళ్లేముందు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అమ్మకు అరవై దాటాయి. ఉత్తరాఖండ్‌లోని పూల లోయ చూడాలని ఎన్నాళ్లగానో కోరిక. మోకాళ్ల నొప్పులున్నాయి. తీసుకెళ్లొచ్చా?
- ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే మోకాళ్లకన్నా ముందు ఊపిరి సంగతి చూసుకోవాలి. గోవింద్‌ఘాట్ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటే, మీరు బస చేసే ఘాంఘరియా 3,000 మీటర్లకు పైనే ఉంటుంది. ఒక్క పగటిలో అంత ఎత్తుకు చేరితే కుర్రాళ్లకైనా తలనొప్పి, వికారం వస్తాయి. అందుకని ముందు రోజు రాత్రి జోషీమఠ్‌లో ఆగండి. బయల్దేరేముందే డాక్టరుకు చూపించి బీపీ, గుండె పరీక్షలు చేయించండి. పైకి వెళ్లాక తలనొప్పి తగ్గకపోయినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తడబడినా వెంటనే కిందికి దించేయాలి. తెల్లారాక చూద్దామని ఆగొద్దు.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపులో వెళ్లొచ్చు. అక్కణ్నుంచి ఘాంఘరియాకు సుమారు 10 కిలోమీటర్లు. ఈ దారిలో గుర్రాలు, కంచర గాడిదలు దొరుకుతాయి. పూల లోయ జాతీయ పార్కులోకి మాత్రం వాటిని రానివ్వరు. నడవలేనివాళ్లను వీపుమీద బుట్టలో కూర్చోబెట్టుకుని మోసుకెళ్లే మనుషులున్నారు. ఆ బుట్టను కండీ అంటారు. ఇంకో మనిషి మీద భారం వేయడమేంటని అమ్మ మొహమాటపడొచ్చు. అది వాళ్ల జీవనాధారమని చెప్పండి. కూలి ముందే మాట్లాడుకోండి, గీచి గీచి బేరమాడకండి. మధ్యమధ్యలో ఆగి వాళ్లకూ టీ ఇప్పించండి.

పుష్పావతి నది మీది వంతెన దాటాక రాళ్లు పరిచిన నిటారు దారి ఒకటుంది. కష్టమంతా అక్కడే. అది ఎక్కేశాక లోయ విచ్చుకుంటుంది, దారి కూడా మెత్తబడుతుంది. మోకాళ్లను ఏడిపించేది దిగుడే కాబట్టి చేతికర్ర తప్పనిసరి.

ప్రశ్న: ఋషికేశ్ నుంచి నాలుగు రోజుల్లో బద్రీనాథ్, హేమకుండ్, పూల లోయ మూడూ చూపిస్తామంటున్నారు. వెళ్లమంటారా?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. ఋషికేశ్ నుంచి జోషీమఠ్ 250 కిలోమీటర్లు. కొండదారి కాబట్టి పగలంతా ప్రయాణమే. రానూపోనూ రెండు రోజులు దానికే సరి. ఘాంఘరియా ఎక్కి దిగడానికి ఇంకో రెండు. ఇక లోయ చూసేదెప్పుడు?

పార్కు జూన్ 1 నుంచి అక్టోబర్ 31 వరకు తెరిచి ఉంటుంది. పూలు ముమ్మరంగా ఉండేది జులై సగం నుంచి ఆగస్టు సగం వరకు, అంటే నడి వానాకాలంలో. కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోవడం అప్పుడు మామూలే. కనీసం ఒక రోజు ఖాళీగా చేతిలో ఉంచుకోండి, రాత్రి ప్రయాణాలు పెట్టుకోకండి. లోయలో రాత్రి ఉండనివ్వరు, కాబట్టి పొద్దున్నే గేటు తీసేసరికి అక్కడుండాలి.

వీలైతే లోయకే రెండు రోజులు ఇవ్వండి. మొదటిరోజు కొండలు, మంచు చూడ్డంతోనే గడిచిపోతుంది. రెండోరోజుకి గానీ చూపు నేలమీద నిలవదు. బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ ఈ లోయలో దిగారు. ఆ ఒక్కసారితో తనివి తీరక 1937లో మళ్లీ వచ్చి, వారాల తరబడి గుడారాల్లో ఉన్నారు. ఆ మరుసటి ఏడు వచ్చిన ఆయన పుస్తకమే ఈ లోయకు లోకమంతా పేరు తెచ్చింది.

ప్రశ్న: కిందటేడు ఆగస్టు చివర్లో వెళ్లాం. ఎక్కడ చూసినా నడుమెత్తు గులాబీ రంగు మొక్కలే. వందల రకాల పూలంటారే, అవేవీ?
- ఓ దంపతులు, విశాఖపట్నం

జవాబు: మీరు చూసింది హిమాలయ బాల్సమ్, మన కాశీతుమ్మకు దగ్గరి చుట్టం. ముదిరిన కాయను వేలితో తాకితే చాలు, టప్పున పగిలి గింజలు చిమ్ముతుంది. పూలన్నీ ఒకేసారి పూయవు. ఒక జట్టు వెళ్తుంటే ఇంకో జట్టు వస్తుంది. చిన్న రకాల కోసం దారి పక్క బండల సందుల్లో, తడి నేలలో వంగి వెతకాలి.

ఇంకో సంగతీ ఉంది. 1982లో జాతీయ పార్కు అయ్యాక గొర్రెల మేపు ఆగిపోయింది. ఆ తర్వాత పాలిగోనమ్ అనే ఏపుగా పెరిగే మొక్క విస్తరించి చిన్నవాటిని కమ్మేస్తోంది. మేపు ఆపడమే కారణమా, కాదా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో వాదం తెగలేదు. అటవీశాఖ మనుషుల్ని పెట్టి ఆ మొక్కను పీకిస్తోంది. తరతరాలుగా అక్కడ మంద తిప్పిన భ్యూండార్ లోయ కాపరులకు ఆ గడ్డి గురించి చాలా తెలుసు. వాళ్ల మాటకూ విలువ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా కుండీలో బ్రహ్మకమలం ఉంది. అక్కడ పూసేదీ అదేనా? ఒక పిలక తెచ్చుకోవచ్చా?
- ఓ గృహిణి, గుంటూరు

జవాబు: కాదు. మన ఇళ్లలో రాత్రిపూట విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోయేది మెక్సికో వైపు నుంచి వచ్చిన ఒక రకం కాక్టస్. హిమాలయ బ్రహ్మకమలం చామంతి కుటుంబానిది. కాగితంలాంటి లేత పసుపు పొరల మధ్య ఊదారంగు పూలగుత్తి దాక్కుని ఉంటుంది. గుంటూరు ఎండకు అది బతకదు. పార్కులో మొక్క పీకడం, పువ్వు కోయడం నేరం కూడా. దాన్ని చూడాలంటే ఘాంఘరియా నుంచి హేమకుండ్ వెళ్లే దారిలో పై మలుపులు చేరాలి. లోయ చూసిన మర్నాడు వెళ్తే ఒంటికి ఎత్తు కాస్త అలవాటై ఉంటుంది. తెల్లవారుజామునే బయల్దేరండి. పైన రాత్రి బసకు వీల్లేదు, మధ్యాహ్నానికల్లా దిగుముఖం పట్టాలి.