ఊరు మారిన రంగులరాట్నం

పిల్లలూ! మీరెప్పుడైనా రంగులరాట్నం ఎక్కారా? గుర్రం మీద కూర్చుంటే అది గుండ్రంగా తిరుగుతుంది, పైకీ కిందికీ ఊగుతుంది. కింద నిలబడిన అమ్మ ఒకసారి కనబడుతుంది. అంతలోనే మాయమవుతుంది. మళ్ళీ కనబడుతుంది! అలాంటి రాట్నం ఒకటి ఊరు విడిచి, దేశం దాటి వెళ్ళింది. దాని కథ చదువుదాం.

అమెరికాలో హడ్సన్ నది పడమటి ఒడ్డున జెర్సీ సిటీ అనే పట్టణం ఉంది. నదికి అవతలి ఒడ్డున న్యూయార్క్ నగరం ఉంది. ఈనాడు జెర్సీ సిటీలో తెలుగు కుటుంబాలు కూడా నివసిస్తున్నాయి. అక్కడినుండి నది వెంట ఉత్తరంగా పోతే నిట్టనిలువు రాతికొండల వరుస కనబడుతుంది. వాటిని పాలిసేడ్స్ అంటారు.

ఆ కొండమీద 1898లో ఒక వినోదవనం వెలసింది. ట్రాము బండ్లు నడిపే కంపెనీ దానిని ఏర్పాటు చేసింది. ఎందుకో తెలుసా? సెలవురోజుల్లో కూడా జనం తమ బండ్లు ఎక్కాలని!

ఆ వనంలో ఒక చక్కని రంగులరాట్నం ఉండేది. దానిని ఫిలడెల్ఫియా టొబొగాన్ కంపెనీ 1928లో తయారుచేసింది. దాని గుర్రాలు కొయ్యతో చెక్కినవి. అమెరికాలో ఇలాంటి గుర్రాలను చెక్కినవారిలో చాలామంది ఐరోపా నుండి వలస వచ్చినవారే. గుస్టావ్ డెంట్జెల్ అనే పనివాడు జర్మనీ నుండి వచ్చి, 1867లో ఫిలడెల్ఫియాలో రాట్నాలు చేయసాగాడు. తండ్రి వద్ద నేర్చిన పనిని అతడు సముద్రం దాటించాడు.

రాట్నం ఎలా తిరుగుతుంది? నడుమ ఒక పెద్ద స్తంభం ఉంటుంది. దాని పైభాగం నుండి గొడుగు కాడల వలె దూలాలు ఉంటాయి. గుర్రాలు వాటికి వేలాడుతాయి. పైన ఉన్న వంపు ఇరుసులు తిరిగేటప్పుడు గుర్రాలు పైకి లేచి కిందికి దిగుతాయి. లోపలి గుర్రమూ, వెలుపలి గుర్రమూ చుట్టును ఒకేసారి ముగిస్తాయి. కాని వెలుపలి గుర్రానిది పెద్ద చుట్టు. కాబట్టి అదే ఎక్కువ వేగంగా పోతుంది.

కాలం మారింది. వనానికి వచ్చే కార్లతో ఇరుకు వీధులు నిండిపోయాయి. ఊరివారు విసిగిపోయారు. కొండమీది స్థలంలో ఎత్తైన మేడలు కట్టాలని నిర్ణయించారు. 1971 సెప్టెంబరు 12న వనం మూతపడింది.

అప్పుడు రాట్నం గతి ఏమిటి? అలనాటి రాట్నాలను ఎన్నింటినో విడదీసి, గుర్రాలను ఒక్కొక్కటిగా అమ్మేశారు. కొన్నవారు వాటిని ఇంట్లో అలంకారంగా నిలబెట్టుకున్నారు. గుర్రం అందంగానే ఉంటుంది. కాని అది ఇక తిరగదు.

ఈ రాట్నానికి ఆ గతి పట్టలేదు. అది ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి కెనడా చేరింది. టొరంటో నగరం దగ్గర 1981లో కెనడాస్ వండర్‌ల్యాండ్ అనే వినోదవనాన్ని తెరిచారు. అక్కడ రాట్నం మళ్ళీ తిరిగింది. కొత్త దేశపు పిల్లలు ఆ పాత గుర్రాలను ఎక్కి కేరింతలు కొట్టారు.

పిల్లలూ! మన పెద్దలు కూడా ఊరు విడిచి వచ్చినవారే. గోదావరి తీరాన ఉన్న కోరంగి రేవు నుండి ఓడలెక్కి చెరకు తోటల పనికి మారిషస్ వచ్చారు. అందుకే వారిని ఇక్కడ కోరంగివారు అని పిలిచారు. వారు పెట్టెల్లో తెచ్చుకున్నది కొద్ది. నోట తెచ్చుకున్నది తెలుగు.

పండుగనాడు మాత్రమే పలికే నాలుగు తెలుగు మాటలు అలంకారానికి పెట్టిన కొయ్యగుర్రం వంటివి. రోజూ మాట్లాడితేనే భాష తిరుగుతుంది. ఈ సాయంకాలం ఇంటికి వెళ్ళి మీ నాయనమ్మతో తెలుగులో మాట్లాడండి. ఈ రాట్నం కథ ఆమెకు చెప్పండి.

కొత్త మాటలు
వినోదవనం : ఆటలు, వేడుకలు ఉండే తోట
ఇరుసు : చక్రం తిరగడానికి ఆధారమైన కడ్డీ
రేవు : ఓడలు ఆగే చోటు
వలస : ఒక చోటు విడిచి మరొక చోటికి పోవడం

ప్రశ్నలు
1. ట్రాము కంపెనీ వినోదవనాన్ని ఎందుకు ఏర్పాటు చేసింది?
2. రాట్నంలో ఏ గుర్రం ఎక్కువ వేగంగా పోతుంది? ఎందుకు?
3. 1928 నుండి 1971 వరకు ఎన్ని సంవత్సరాలు?
4. మీ పెద్దలు ఏ ఊరినుండి వచ్చారో ఇంట్లో అడిగి, ఐదు వాక్యాలు రాయండి.