గోడ తీయుటకు ముందు

కొల్లిపర

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మన పాత పెంకుటింటి వంటయింటిని, నడిమి సావిడిని నడకకు అనువుగా మార్చవలెనని నీవు గీసి పంపిన పటమును శ్రద్ధతో చూచితిని. కొలతలు సరిగా నున్నవి; గీతలు శుద్ధముగా నున్నవి. అయినను, ఆ పటములో గోడలు కనబడుచున్నంత స్పష్టముగా, వాటి నడుమ తెల్లవారుజాము మొదలు రాత్రి దీపము ఆర్పువరకు తిరుగాడు మనుష్యులు కనబడుట లేదు. నీవీ యింటి మరమ్మతు విద్య నభ్యసించు తొలిదినములలోనే ఈ సంగతి విపులముగా చెప్పుట నా విధి యని తలచుచున్నాను.

1855 లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై, పడమటి కాలువల నీరు ఈ ప్రాంతములకు పారిన పిమ్మట, ఇచ్చట వరి స్థిరపడి, దాని వెంట మండువాలును పెంకుటిండ్లును పెరిగినవి. వాటిని కట్టించినవారు ఆలోచన లేక కట్టించినవారు కారు. ధాన్యము వీధివైపునుండి వచ్చును గనుక సావిడి ముందుండెను. నీరు దొడ్డిలోని బావినుండి రావలెను గనుక వంటయిల్లు వెనుక నుండెను. కట్టెపొయ్యి పొగయు, నిప్పురవ్వయు పడుకొను గదులకు సోకరాదు గనుక రెంటి నడుమ మందపు గోడయు, దానికొక యిరుకు గుమ్మమును ఏర్పడెను. నేడు బావికి బదులు కొళాయి వచ్చినది, కట్టెకు బదులు గ్యాసు వచ్చినది, ధాన్యము కళ్ళమునుండియే మిల్లునకు పోవుచున్నది. కావున ప్రతి గోడ యెదుటను నిలిచి, ఇది యే యవసరమునకు పుట్టినది, ఆ యవసరము నేటికిని కలదా యని విచారింపుము. అది తీరిపోయినచో గోడను తెరువుము. తీరనిచో దానిని తాకవలదు. మరమ్మతు విద్యలో నేనెరిగిన సూత్రమిది యొక్కటే.

విచారణ యెట్లనగా, ముందుగా టేపు తీయక, ఒక దినమంతయు వంటయింటి మూలను కూర్చుండి, మీ పెద్దమ్మ కాఫీ కాచుట మొదలు రాత్రి పెరుగు తోడుపెట్టువరకు ఎటు పోయి ఎటు వచ్చుచున్నదో కాగితముమీద గీతలుగా వేయుము. బియ్యపుడబ్బా ఒక గదిలో, కడుగు తొట్టి దొడ్డిలో, పొయ్యి మరియొక మూలను ఉన్నచో ఆ కాగితము గీతలతో నల్లబడును. పొయ్యి, సింకు, ఫ్రిజ్జు అను మూడింటిని త్రికోణముగా భావించి, దాని మూడు భుజముల మొత్తము 26 అడుగులకు మించరాదని అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు 1940ల దశకమున నిర్ణయించిరి. అంతకు పూర్వమే, 1926 లో, మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ యను వాస్తుశిల్పిని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు క్రొత్త యిండ్లకొరకు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల వంటగదిని రచించి, వంట చేయు స్త్రీ శ్రమను శాస్త్రవిషయముగా పరిగణించెను. ఆమెయెడ నాకు మిక్కిలి గౌరవము. కాని ఆ గది ఒక్క స్త్రీ ఒంటరిగా పనిచేయుటకు ఉద్దేశింపబడినది. మనయింట అత్తాకోడళ్ళు ఇరువురు ఒకేసారి తిరుగుదురు. పండుగనాడు మరి యిద్దరు చేరుదురు. ఎండకాలమున ఆవకాయ కలుపుటకు నేలమీద పళ్ళెములు పరచుకొని కూర్చుండవలెను. అందుచేత గట్టుకును ఎదుటి అలమరకును నడుమ నాలుగడుగులు తగ్గనీయకుము; ఒక మూలను పీట వేసికొని కూర్చుండి పని చేసికొనుటకు ఖాళీ నేల విడువుము. నీ పటములో ఆ చోట అలంకారపు గట్టు గీసితివి. దానిని తీసివేయుము.

ఇక నడిమి గోడ మాట. నీవు దానిని మొత్తముగా తొలగింప దలచితివి. టార్చిలైటు తీసికొని అటకమీది కెక్కి చూడుము. ఇంటి దూలముల మొనలు ఆ గోడపైననే ఆనియున్నవి. పొగను అడ్డగించు పని దానికి తీరినది గాని, పెంకుల బరువు మోయు పని తీరలేదు. కావున ఆరడుగుల వెడల్పున మాత్రము తెరచి, పైని ఇనుపగర్డరు నిలిపి, దాని రెండు కొనలను క్రింద కాంక్రీటు దిమ్మలు వేసి గోడలో చాలినంత లోనికి చొప్పింపుము. గోడను కోయుటకు ముందే దూలముల క్రింద పోటులు పెట్టింపుము; ఎంత అనుభవము గల మేస్త్రి అక్కరలేదని చెప్పినను వినవలదు. పాత గోడ గానుగసున్నముతో కట్టినది. దానిపై చిక్కని సిమెంటు పూత వేసినచో నేలనుండి యెక్కిన చెమ్మ బయటికి పోలేక లోపలనే నిలిచి ఇటుకను కొరుకును. తిరిగి సున్నపు పూతయే వేయింపుము.

ఆరడుగులు తెరచినను, పొయ్యిని ఆ తెరపి కెదురుగా ఉంచవలదు. ఎండుమిరపకాయ తాలింపు ఘాటు సావిడిలోని వృద్ధులకును, పసివారికిని చేయు బాధ పాశ్చాత్య గ్రంథములలో వ్రాసియుండదు. పొయ్యి వెలుపలి గోడకు చేరియుండి, దానిపైని గాలి లాగు ఫ్యాను ఉండవలెను. గ్యాసు గాలికంటె బరువైనది గనుక కారినచో నేలమీదనే ప్రాకును. కాబట్టి పై కిటికీతో తృప్తిపడక, సిలిండరు ఉన్నచోట నేలకు చేరువగా జాలీ పెట్టింపుము. పొయ్యి సిలిండరుకంటె ఎత్తుననే ఉండవలెను.

సావిడికంటె వంటయిల్లు జానెడు పల్లముగా నున్నది. ఆ మెట్టువద్ద మీ నాయనమ్మ తడబడుట నీవు చూచియేయున్నావు. రెంటిని సమము చేయవలెననుట మంచి యాలోచన. కాని సావిడి నేలను త్రవ్వి దించుదునన్న మాటకు నేను సమ్మతింపను. వీధిరోడ్డు వేసిన ప్రతిమారు ఎత్తు పెరుగుచున్నది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీవద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి పారి కృష్ణ లంకలను ముంచినప్పుడు, ఇంటి అరుగు ఎత్తు విలువ యెట్టిదో ఈ ప్రాంతమువారు చూచిరి. వంటయింటినే ఎత్తు చేయింపుము. చేయునప్పుడు దొడ్డిలోని నల్లమట్టిని నింపవలదు. రేగడి వానలకు ఉబ్బి, ఎండలకు బీటలువారి పైనున్న బండలను లేపివేయును. ఇసుక నింపి, నీరు పోసి, దిమ్మిస కొట్టించి, ఆపైని నాపరాళ్ళు పరపించుము. నేల ఎత్తయినంత గుమ్మపు ఎత్తు తగ్గును గనుక ద్వారబంధమును కూడ పైకి జరుపవలసియుండునని లెక్కలో చేర్చుకొనుము. లోపలి గడప తీసివేయవచ్చును. అప్పుడు నీరు సావిడిలోనికి రాకుండ నేల వాలు దొడ్డి తూమువైపునకు ఉండవలెను.

గట్టు ఎత్తునకు పుస్తకపు కొలత తీసికొనవలదు. వంట చేయువారిని నిలువబెట్టి, మోచేయి మడిచిన యెత్తు కొలిచి, దానికి నాలుగంగుళములు తగ్గించుము.

పని వైశాఖమున మొదలిడి, వానలు పడకముందు పైకప్పు పని ముగింపుము. గోడమీద మొదటి దెబ్బ పడుటకు ముందే వెనుక పంచలో పొయ్యియు, కొళాయియు, గిన్నెలు పెట్టుకొనుటకొక బల్లయు అమర్చి, మీ పెద్దమ్మ అచ్చట రెండు పూటలు వండి చూచి సరేయన్న పిమ్మటనే మేస్త్రిని పిలువుము.

ఇట్లు,
నీ పెదనాన్న