తలసరి కరెంటు లెక్కలో మన ఇల్లెక్కడ?

తలసరి విద్యుత్ వినియోగం అభివృద్ధికి సూచిక. పోటీ పరీక్షల పుస్తకాలు చదివే ప్రతి ఒక్కరికీ కంఠస్థమైన వాక్యమిది. మేమూ హాస్టల్ స్టడీ అవర్లో దీన్ని బట్టీ పట్టినవాళ్లమే. 2023-24లో దేశ సగటు సుమారు 1,395 యూనిట్లు. తెలంగాణ 2,000 దాటింది, బిహార్ 400 లోపే ఉంది. పరీక్షకు ఈ అంకెలు చాలు. కానీ ఇవి చూసి తెలంగాణ మనిషి బిహార్ మనిషికంటే అయిదు రెట్లు సుఖంగా ఉన్నాడని అనుకుంటే పొరపాటే. ఒక ప్రాంతం ఎక్కువ కరెంటు ఎందుకు వాడుతుందో తెలిస్తేగాని ఆ అంకెకు అర్థం తెలియదు.

ముందుగా లెక్క కట్టే పద్ధతి చూద్దాం. రాష్ట్రానికి అందుబాటులోకి వచ్చిన మొత్తం విద్యుత్తును జనాభాతో భాగిస్తారు. ఇందులో ఫ్యాక్టరీ వాడింది, మోటారు వాడింది, చివరికి తీగల్లో వృథాగా పోయింది కూడా కలిసే ఉంటుంది. అంటే ఇది ఇళ్లలో వెలిగిన దీపాల లెక్క కాదు.

మన దగ్గర ఈ అంకెను పెంచే పెద్ద కారణాల్లో ఒకటి నీరు. గోదావరి డెల్టాలో 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలువ నీరు పల్లానికి తనంతట తానే పారుతోంది. దానికి కరెంటు అక్కర్లేదు. తెలంగాణ, రాయలసీమలు మెట్ట ప్రాంతాలు. చెరువులు పూడిపోయాక రైతు బావిని నమ్ముకున్నాడు. మోట పోయి మోటారు వచ్చింది, బావి ఎండి బోరు వచ్చింది. తెలంగాణలో ఇప్పుడు వ్యవసాయ పంపుసెట్లు 25 లక్షలకు పైనే. పండేది అదే వరి. డెల్టాలో ఆ నీటికి కరెంటు ఖర్చు లేదు, మెట్టలో ప్రతి తడికీ ఉంది.

పదో తరగతి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ లెక్క స్వయంగా చేయవచ్చు. పనికి సూత్రం ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం కదా. ఎకరం వరికి మీటరు లోతు నీరు కావాలనుకుంటే అది సుమారు 4,000 ఘనపు మీటర్లు, అంటే 40 లక్షల కిలోలు. దాన్ని 60 మీటర్ల లోతు నుంచి పైకి తేవాలంటే 235 కోట్ల జౌళ్లు కావాలి. యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు కాబట్టి సుమారు 650 యూనిట్లు. మోటారు, పంపు కలిపి సామర్థ్యం 40 శాతం అనుకుంటే మీటరు మీద 1,600 దాటుతుంది. అదే నీరు 15 మీటర్లలో దొరికితే 400 యూనిట్లతో పని అయిపోతుంది. వానలు తప్పి నీరు లోపలికి దిగిన ఏడాది బస్తా ధాన్యానికి పట్టే కరెంటు పెరుగుతుంది. కాబట్టి వినియోగం పెరగడం కలిమికే కాదు, కరువుకూ గుర్తు కావచ్చు.

రెండో కారణం ధర. 1980లలో వ్యవసాయానికి మీటరు లెక్క పోయి హార్స్‌పవర్ చొప్పున రేటు వచ్చింది. చార్జీల పెంపు మీద జరిగిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004 మేలో ఉచిత విద్యుత్తు ఫైలుపై సంతకమైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైంది. అంతకుముందు విడతలుగా, చాలాచోట్ల రాత్రిపూట కరెంటు వచ్చేది. చీకట్లో పొలానికి పోవాలంటే పాము భయం. అందుకే రైతులు ఆటో స్టార్టర్లు పెట్టారు. కరెంటు రాగానే, అవసరం ఉన్నా లేకున్నా మోటారు తిరిగేది. ఇక్కడ రైతును తప్పుపట్టడం మాకు సబబు అనిపించదు.

అలాగని డెల్టాలో వాడకం లేదనుకోకూడదు. భీమవరం చుట్టుపక్కల చేలు చెరువులై, 2009 తర్వాత వనామి రొయ్య వచ్చాక ఏరియేటర్లు పెరిగాయి. రాత్రిళ్లు కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఏరియేటర్ ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోవచ్చు. కాబట్టి ఊరు నిద్రపోయే వేళ అక్కడ కరెంటు కావాలి. పరిశ్రమల సంగతి అందరికీ తెలిసిందే. ఫెర్రో ఎల్లాయ్స్ వంటి ఫ్యాక్టరీ టన్నుకు వేల యూనిట్లు తాగుతుంది. అలాంటివి రెండు మూడున్న జిల్లాలో గుడిసెల్లో ఏమి వెలుగుతున్నా సగటు మాత్రం వెలిగిపోతుంది.

మరి ఈ సగటులో మన ఇల్లెక్కడుంది? మాలో చాలామంది ఇళ్లలో రెండు బల్బులు, ఒక ఫ్యాను. నెలకు 30 యూనిట్లు కాలినా ఏడాదికి 360. పైన లెక్కించిన ఎకరం వరి ఒక్క పంటకు పట్టే కరెంటుతో ఆ ఇల్లు నాలుగేళ్లకు పైగా నడుస్తుంది. ఉచిత కరెంటు బోరున్న పట్టాదారుకు అందుతుంది. కౌలుదారు ఆ నీటికి కౌలులోనే ధర కడతాడు. భూమి లేనివాళ్లకు నేరుగా ఒక్క యూనిట్ రాదు. నిజమే, బోరు నీళ్లుంటేనే నాట్లు, కలుపులు ఉంటాయి, మా అమ్మలకు కూలి దొరుకుతుంది. ఆ మాట దాచిపెట్టి రాయలేం. ఇళ్లకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి తెలంగాణలో 2024లో వచ్చింది. నెలకు 30 వాడే ఇంటికి ఆదా అయ్యేది ఆ 30 బిల్లే.

కట్టెల పొయ్యి సంగతి ఈ పట్టికలో రానే రాదు. కట్టెల వేడిలో ఎక్కువ భాగం పొగతో పోతుంది, గ్యాసులో సగానికి పైగా గిన్నెకు చేరుతుంది. గ్యాసు వచ్చిన ఇంట్లో వంటకు పట్టే శక్తి తగ్గింది, బతుకు మాత్రం మెరుగైంది. వినియోగం పెరిగితేనే అభివృద్ధి అనే సూత్రం మన వంటింట్లోనే తప్పిపోతోంది.

దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ ఊళ్లో బోరు ఎన్ని అడుగులు, నీరు ఎక్కడ తగులుతుంది, మోటారు ఎన్ని హార్స్‌పవర్లు, ఆ పొలం ఎవరిది, చేసేది ఎవరు అని అడిగి రాసుకోండి. పక్కనే మీ ఇంటి కరెంటు బిల్లు మీద యూనిట్లు కూడా వేసుకోండి. హాస్టల్‌కు తిరిగొచ్చాక అందరి లెక్కలూ ఒకేచోట పెట్టి చూద్దాం.